చేతికింద చదువు: దిగువ కృష్ణా డెల్టాలో పెద్దల పని, బాలుర శిక్షణ

తెలుగులో 'చేతికింద' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకడు మరొకని చేతికింద ఉన్నాడంటే అతనికి లోబడి ఉన్నాడని ఒక అర్థం; అతని దగ్గర పని నేర్చుకొంటున్నాడని రెండో అర్థం. వడ్రంగి చేతికింద కుర్రవాడు, వంటవాని చేతికింద కుర్రవాడు, తాపీ మేస్త్రీ చేతికింద కుర్రవాడు అనే ప్రయోగాలన్నిటిలోనూ ఈ రెండర్థాలూ కలిసే వినిపిస్తాయి. కుర్రవాడు ఎంతవరకు పనివాడు, ఎక్కడ నుంచి విద్యార్థి అనే ప్రశ్నకు భాష సమాధానం చెప్పదు. వృత్తివిద్య చరిత్రను పరిశీలించేవారికి ఎదురయ్యే చిక్కంతా ఈ మాటలోనే ఉంది. పెద్దవాడు పిల్లవాణ్ణి చేరదీసి తన విద్యను అప్పగించడం సమాజానికి మేలు చేసే పని అని అందరూ అంగీకరిస్తారు. ఆ అప్పగింతకు పిల్లవాడు చెల్లించిన మూల్యం ఏమిటో, ఆ చేతికిందికి ఎవరిని రానిచ్చారో, ఎవరిని రానివ్వలేదో విచారించినవారు తక్కువ.

కృష్ణానది సముద్రంలో కలిసే ప్రాంతంలో ఈ విచారణకు అనువైన స్థలాలు మూడు దగ్గర దగ్గరగా ఉన్నాయి. అవి అద్దకపు పనికి పేరుపొందిన పెడన, నాట్యానికి పేరుపొందిన కూచిపూడి, జాతీయ విద్యోద్యమానికి కేంద్రమైన మచిలీపట్నం. మూడింటిలోనూ పెద్దలు బాలురకు విద్య నేర్పారు. నేర్పిన తీరు మాత్రం మూడుచోట్లా వేరు.

రికార్డులలో లేని కుర్రవాడు

మచిలీపట్నం రేవు అద్దకపు బట్టల వ్యాపారానికి సంబంధించిన రాతమూలాలకు కొదవ లేదు. 17వ శతాబ్ది తొలి దశకంలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తకస్థావరాలు నెలకొల్పారు. గోల్కొండ సుల్తానుల పాలనలో ఈ రేవు నుంచి అద్దకపు బట్టలు ఇరానుకు, ఆగ్నేయాసియాకు, తరువాత యూరపుకు వెళ్లాయి. కంపెనీల లెక్కల పుస్తకాలలో బట్టల రకాలు, తానుల సంఖ్య, బయానాలు, వ్యాపారుల పేర్లు, రంగు సరిగా లేదనే ఫిర్యాదులు అన్నీ ఉన్నాయి. బయానా దళారికి అందేది. దళారి నుంచి పనివాని ఇంటికి చేరేది. లెక్క అక్కడితో ఆగిపోతుంది. ఆ ఇంటి అరుగు మీద ఎందరు కూర్చున్నారో, వారిలో మీసం రానివారు ఎందరో వ్రాయవలసిన అవసరం కంపెనీ గుమాస్తాకు లేదు.

డచ్చి కంపెనీ ఉద్యోగి డేనియల్ హవార్ట్ 1693లో ప్రచురించిన కోరమాండల్ చరిత్రలో పాలకొల్లు అద్దకపువారి ప్రస్తావన ఉంది. వారి పని నత్తనడక నడుస్తుందనీ, ఓర్పుకు బొమ్మ గీయదలచినవాడు అక్కడి చిత్రకారుణ్ణి చూసి గీస్తే చాలనీ ఆయన భావం. హవార్ట్ మెచ్చుకొంటున్నాడో విసుక్కొంటున్నాడో తేల్చడం కష్టమే. సరుకు కోసం ఎదురుచూసే వర్తకునికి ఆ రెండూ ఒకేసారి కలిగి ఉండవచ్చు. చరిత్రకారునికి అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. అంతటి ఓర్పు పుట్టుకతో రాదు. కుంచె పట్టిన చేయి గంటల తరబడి వణకకుండా ఉండాలంటే ఆ చేతిని చిన్నతనం నుంచి ఎవరో పట్టి దిద్ది ఉండాలి. హవార్ట్ చూసినది ఫలితాన్ని, శిక్షణను కాదు.

యూరపువారిలో ఆ పనిలోని గుట్టును రాబట్టడానికి గట్టిగా ప్రయత్నించినవారిలో జెసూట్ మతాచార్యుడు కోర్డూ ముఖ్యుడు. సంస్కృతానికీ, గ్రీకు లాటిన్ భాషలకూ గల చుట్టరికాన్ని 1767లో ఫ్రెంచి విద్యాసంస్థ దృష్టికి తెచ్చినవాడుగా, తెలుగు నిఘంటు నిర్మాతగా ఆయన భాషాశాస్త్ర విద్యార్థులకు పరిచితుడు. అదే కోర్డూ 1742లో అద్దకపు పద్ధతిని అంచెలంచెలుగా వివరిస్తూ స్వదేశానికి లేఖ వ్రాశాడు. మతం మారిన పనివారిని అడిగి తెలుసుకొన్న వివరాలవి. కరక్కాయ, పాలు, పటిక, ఇనుపనీరు, చిరివేరు, నీలి వంటి ద్రవ్యాలు, వాటిని వాడే వరస ఆ లేఖలో తెలుస్తాయి. అయినప్పటికీ, ఆ లేఖను చదివి ఫ్రాన్సులో ఎవరైనా మరునాడే కోరమాండల్ ఎరుపును తేగలిగి ఉంటారని అనుకోలేము. నీటి గుణం రంగును మారుస్తుందని కోర్డూ గుర్తించాడు. ఏ నీరు ఎంత మారుస్తుందో కాగితం మీద పెట్టడం సాధ్యపడే పని కాదు. పనివారు దాచిపెట్టారని అనడం కంటె, వారికి తెలిసినది మాటల్లో ఒదిగేది కాదని అనడమే సమంజసం.

పెడన బల్ల

మచిలీపట్నానికి సుమారు పది కిలోమీటర్ల దూరంలో, గుడివాడ వైపు వెళ్లే రైలుమార్గం మీద ఉన్న పెడన మొదట నేత ఊరు. నేడు మచిలీపట్నం కలంకారీగా భౌగోళిక గుర్తింపు పొందిన అద్దకానికి ప్రధానకేంద్రం ఇదే. 'కలం', 'కారీ' అనే పారశీక పదాలు కుంచెపనిని సూచించినా, ఇక్కడ స్థిరపడినది చెక్క అచ్చుల పద్ధతి. కుంచెతో గీసే పద్ధతి శ్రీకాళహస్తిలో నిలిచింది. 1868లో జర్మనీ శాస్త్రజ్ఞులు మంజిష్ఠలోని ఎరుపు పదార్థాన్ని కృత్రిమంగా తయారుచేసిన తరువాత వేరురంగుల గిరాకీ పడిపోయింది. మిల్లు బట్టల పోటీ అంతకుముందే మొదలైంది. ఇరాను బజారు కొంతకాలం ఈ పనిని నిలబెట్టింది. స్వాతంత్ర్యానంతరం 1952లో ఏర్పడిన అఖిలభారత హస్తకళల బోర్డు, దానిని నడిపించిన కమలాదేవి చట్టోపాధ్యాయ చూపిన శ్రద్ధ వలన ఈ అద్దకం మళ్లీ లేచింది. ఈ పునరుద్ధరణ చరిత్రలో బోర్డు పేరు, కమలాదేవి పేరు తరచు కనిపిస్తాయి. అయితే ఏ బోర్డు అయినా లేపగలిగినది, ఎవరో ఒకరి చేతిలో ఇంకా మిగిలి ఉన్న పనినే. చేతిలో మిగలడానికి ముందు తరంలో ఒక కుర్రవాడు బల్ల పక్కన నిలబడి ఉండాలి.

ఇక్కడ పని వరసను కొంత వివరంగా చూడటం అవసరం, ఎందుకంటే ఈ పనిలో పనిక్రమమే పాఠక్రమం. ముడి బట్టను ఉతికి గంజి, మడ్డి వదిలిస్తారు. తరువాత కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీటిలో తడిపి ఎండబెడతారు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకొంటుంది. పాలలోని కొవ్వు రంగు పక్కకు పాకకుండా ఆపుతుంది. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో వేసి రోజుల తరబడి పులియనిచ్చి నల్లరంగు తయారుచేస్తారు. అచ్చును ఆ ద్రవంలో అద్ది కరక్కాయ పట్టిన బట్ట మీద వేయగానే నలుపు తేలుతుంది. ఎరుపు రావలసిన చోట పటికనీటిలో జిగురు కలిపి అచ్చు వేస్తారు. ఆ క్షణంలో అక్కడ ఎరుపు ఉండదు. బట్టను పారే నీటిలో జాడించి, వేరు లేదా చెక్క వేసిన డేగిసాలో ఉడికించినప్పుడే పటిక ఉన్నచోటల్లా ఎరుపు లేస్తుంది. ఎరుపు వేసేవాడు కంటికి కనిపించని ఎరుపును వేస్తాడన్నమాట. ఆ తరువాత ఉతుకు, ఎండ. పసుపుకూ, ఇతర రంగులకూ మళ్లీ అచ్చు, మళ్లీ ఉడుకు.

ఈ వరసలో బరువు తక్కువ పనులు, తప్పు జరిగినా దిద్దుకోగల పనులు మొదట ఉన్నాయి: నీళ్లు చల్లడం, ఆరవేసిన బట్టను తిరగవేయడం, రంగుపళ్లెంలోని మెత్తకు రంగు సమంగా పూయడం. తప్పు జరిగితే తాను మొత్తం పాడయ్యే పనులు చివర ఉన్నాయి: మొదటి అచ్చు వేయడం, పులిసిన ఇనుపనీరు పక్వానికి వచ్చిందని నిర్ణయించడం, డేగిసాను ఎప్పుడు దించాలో చెప్పడం. చేతికింద చేరినవాడు మొదటి దాని నుంచి చివరి దానికి నడవాలి. రంగుపళ్లెం పూసే పని చూడటానికి చాకిరీలా కనిపిస్తుంది. పళ్లెంలో రంగు ఎక్కువైతే అచ్చు గీతలు మూసుకుపోతాయి. తక్కువైతే మధ్యలో తెల్లమచ్చలు పడతాయి. పళ్లెం పూసేవాడు తన తప్పును తన కళ్ల ముందే, పెద్దవాని అచ్చు కింద చూస్తాడు. ఒక్కమాట కూడా చెప్పకుండా జరిగే బోధన ఇది. ఇంగ్లండు అద్దకపు కర్మాగారాలలో కూడా అచ్చు వేసేవాని పక్కన రంగు పూసే కుర్రవాడు ఒకడు ఉండేవాడు. అక్కడ యంత్రపు రోలర్లు వచ్చిన తరువాత ఆ జంట విడిపోయింది.

పెద్దవాని పక్షాన కూడా ఈ ఏర్పాటులో త్యాగం ఉంది. దీనిని సాధారణంగా ఎవరూ లెక్కించరు. కూలి తాను లెక్కన వచ్చే పనిలో, కొత్తవాని చేతికి అచ్చు ఇచ్చిన రోజున పని తగ్గుతుంది. పాడైన బట్ట ఎవరి ఖాతాలో పడాలనేది ఒక పేచీ. మేస్త్రీ ఆ నష్టాన్ని భరించగలిగితేనే కుర్రవాడు పళ్లెం నుంచి అచ్చుకు వెళతాడు. భరించలేకపోతే, లేదా భరించదలచుకోకపోతే, కుర్రవాడు పళ్లెం దగ్గరే పెద్దవాడవుతాడు. ఇంగ్లండులో 1563 నాటి చట్టం ఏడేండ్ల శిష్యరికాన్ని విధించింది. గురువు అన్నం, బట్ట, విద్య ఇవ్వాలనే షరతులు ఒప్పందపత్రంలో ఉండేవి. ఆ నిబంధన 1814లో రద్దయింది. తెలుగునాట చేతివృత్తులలో ఇటువంటి శిష్యరికానికి పత్రం లేదు. తండ్రికీ మేస్త్రీకీ మధ్య ఉన్న మాటే ఆధారం. మాట మంచిదైనచోట పత్రం కంటె గట్టిగా పనిచేసింది. చెడ్డదైనచోట కుర్రవానికి చెప్పుకొనే దిక్కు లేదు. బయానా తీసుకొని పిల్లవాని శ్రమను తాకట్టు పెట్టే ఆచారాన్ని నిషేధిస్తూ 1933లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చిందంటే, దేశంలో ఆ రెండో రకం మాటలు ఎంత ఉండేవో ఊహించవచ్చు.

అచ్చు చెక్కేవారి సంగతి మరొకటి. టేకు చెక్క మీద నమూనా దింపి, గీతలను మిగిల్చి, మిగతాది తొలిచేస్తారు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు కావాలి. అన్నీ ఒకదానిపై ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. అచ్చులు మనుషుల కంటె ఎక్కువకాలం బతుకుతాయి. కాని పాత అచ్చు ఉన్నంత మాత్రాన దానిని ఏ ఒత్తిడితో వేయాలో తెలియదు.

కూచిపూడి అరుగు

మచిలీపట్నానికి పడమటి దిక్కున, క్షేత్రయ్య మువ్వకు పక్కనే ఉన్న కూచిపూడిలో బాలుర శిక్షణ ఊరి ఆచారంగా స్థిరపడింది. సిద్ధేంద్రయోగి భామాకలాపాన్ని రచించి ఊరి బ్రాహ్మణ బాలురకు నేర్పాడనీ, ప్రతి ఇంటి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని నియమం పెట్టాడనీ సంప్రదాయం చెబుతుంది. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా అగ్రహారం ఇచ్చాడనే కథ కూడా ప్రసిద్ధం. వీటిలో చరిత్ర ఎంత, ఐతిహ్యం ఎంత అనే చర్చ సాగుతూనే ఉంది. 1763 నాటి పంపకపత్రం ఊరి భూమిని పదిహేను కుటుంబాల మధ్య స్థిరపరచింది. కళకూ నేలకూ ముడి ఎలా పడిందో దానివలన తెలుస్తుంది: ఊరిలో భాగం ఉన్న ఇంట పుట్టినవాడే గజ్జె కట్టాలి.

నియమాన్ని ఐతిహ్యంగా తీసుకొన్నా, దాని ఫలితం ఐతిహ్యం కాదు. ఊరిలోని ప్రతి బాలుడూ ఏదో ఒక వేషానికి అభ్యర్థి. అందువలన ప్రతి పెద్దవాడూ ఏదో ఒక మేరకు గురువు. బాలుడు ప్రహ్లాదుడుగా, లోహితాస్యుడుగా రంగం ఎక్కుతాడు; మేళంతో ఊరూరూ తిరుగుతాడు; పెద్దల వెనుక నిలబడి దరువులు, జతులు, సంధివచనాలు వింటాడు. గొంతు మారే వయసులో కొందరు వెనుకకు తగ్గి మద్దెలకో వంతపాటకో మళ్లుతారు. కొందరు స్త్రీవేషానికి నిలుస్తారు. ఒకే ఒక్క గురువు దగ్గర పూర్తిగా నేర్చినవాడు ఇక్కడ అరుదు. వెంపటి చినసత్యం (1929–2012) వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి దగ్గర, తాడేపల్లి పేరయ్య శాస్త్రి దగ్గర, వరుసకు అన్న అయిన వెంపటి పెదసత్యం దగ్గర నేర్చాడు. స్త్రీవేషంలో అసమానుడనిపించుకొన్న వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) తొలి గురువు స్వయంగా ఆయన అన్న ప్రహ్లాద శర్మ. తండ్రి, అన్న, పినతండ్రి, పొరుగింటి పెద్ద అందరూ ఒక్క బాలుణ్ణి దిద్దుతారు. ఒకరి కోపం నుంచి మరొకరి అరుగు మీదికి పారిపోయే వీలు కూడా అందులోనే ఉంది. పెడన బల్ల దగ్గరి కుర్రవానికి ఇటువంటి వెసులుబాటు తక్కువ.

ఇదే ఏర్పాటుకు రెండో ముఖం కూడా ఉంది. ఆ పదిహేను ఇళ్ల వెలుపలి బాలునికి ఈ అరుగు లేదు. ఇళ్లలోపలి బాలికకూ లేదు. ఆమె అన్న సత్యభామ అవుతాడు, ఆమె కాలేదు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి ఈ గీతను దాటి స్త్రీలకు నేర్పాడు. చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన తరువాత ఆ విద్య ఏ ఇంటివారికైనా, ముఖ్యంగా బాలికలకు, అందుబాటులోకి వచ్చింది. కూచిపూడిలోనే సిద్ధేంద్ర కళాక్షేత్రం ఏర్పడి, తరువాత తెలుగు విశ్వవిద్యాలయంలో భాగమైంది. పాఠ్యప్రణాళిక, పరీక్ష, యోగ్యతాపత్రం వచ్చాయి. నృత్యం బతికి ప్రపంచమంతా వ్యాపించింది. ఊరి మగపిల్లలంతా వేషగాళ్లయ్యే పాత పద్ధతి పలచబడింది. ఈ రెండూ ఒకే కారణం నుంచి వచ్చిన ఫలితాలు. ఒకదానికి సంతోషించి రెండోదానికి మాత్రమే విచారించడం చరిత్రకు న్యాయం చేయదు.

మచిలీపట్నం బడి

మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన ఇంగ్లీషు బడి కాలక్రమంలో నోబుల్ కళాశాల అయింది. అక్కడ అధ్యాపకుడుగా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రభావం ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యల మీద ప్రసిద్ధమే. తరగతిగది వెలుపల సాగిన ఆ సాంగత్యం నుంచి వచ్చినవారు తిరిగి బాలుర కోసం ఒక సంస్థను నిర్మించడం విశేషం. కోపల్లె హనుమంతరావు, కృష్ణారావు, పట్టాభి కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. హనుమంతరావు 1922లో మరణించే వరకు దానికి ప్రాణంగా ఉన్నాడు.

ఈ కళాశాల ఉద్దేశంలో అక్షరవిద్యతో పాటు చేతిపని కూడా ఉంది. చదువుకొన్న కులాల బాలుని చేతికి ఉలి ఇవ్వడం ఆనాటికి సాహసం. భట్లపెనుమర్రుకు చెందిన పింగళి వెంకయ్య ఇక్కడ ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. బెంగాలు నుంచి వచ్చిన ప్రమోదకుమార్ ఛటర్జీ దగ్గర అడివి బాపిరాజు చిత్రకళ అభ్యసించాడు. తరువాత అదే సంస్థకు ప్రధానాచార్యుడు అయ్యాడు. గురువు, శిష్యుడు, మళ్లీ గురువు అనే వరస ఇక్కడా కనిపిస్తుంది. కాని కూలి తీసుకొనే మేస్త్రీకీ జీతం తీసుకొనే అధ్యాపకునికీ మధ్య ఉన్న దూరం ఈ ప్రయోగం వలన చెరిగిపోలేదు. పది కిలోమీటర్ల దూరాన బల్ల దగ్గర నిలబడిన కుర్రవానికి అక్షరం రాలేదు. ఇక్కడ ఉలి పట్టిన విద్యార్థులలో జీవనోపాధికి దానినే నమ్ముకొన్నవారు తక్కువ. హనుమంతరావు కల విఫలమైందనడం తొందరపాటే. ఆయన రెండు రకాల బాలురను ఒక గదిలో కూర్చోబెట్టదలిచాడు. ఆ గదికి వచ్చినవారు ఎక్కువగా ఒకే రకం వారు.

చట్టం చూపు

1986 బాలకార్మిక చట్టం పద్నాలుగేండ్ల లోపు పిల్లలను పెట్టుకోరాదన్న పనుల జాబితాలో బట్టల అద్దకం, రంగువేత, నేత స్పష్టంగా ఉన్నాయి. బెల్లపునీటి ఇనుపరంగుకే కాదు, రసాయనపు రంగులు, పొగ, వేడి డేగిసాలు అన్నిటికీ ఇది వర్తిస్తుంది. అవి పిల్లల ఊపిరికి, చర్మానికి చేసే హాని తెలిసినవారెవరూ ఈ నిషేధాన్ని తప్పుపట్టలేరు. అయితే అదే చట్టం రెండు మినహాయింపులు ఇచ్చింది: యజమాని తన కుటుంబ సహాయంతో నడుపుకొనే పనిచోటు ఒకటి, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి రెండోది. 2016 సవరణ నిషేధాన్ని అన్ని పనులకూ విస్తరించింది. బడివేళల తరువాత, సెలవులలో, ప్రమాదకరం కాని కుటుంబపు పనిలో సాయపడవచ్చని మాత్రం మినహాయించింది. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం శిష్యరికానికి కనీసవయసు పద్నాలుగేండ్లు.

ఈ మినహాయింపులను చారిత్రక దృష్టితో చదివితే ఒక విషయం తేటపడుతుంది. చట్టం తండ్రిని గురువుగా గుర్తించింది, బడిని గురువుగా గుర్తించింది. పొరుగింటి పెద్దను గుర్తించలేదు. దుర్వినియోగం ఎక్కువగా జరిగినది ఆ పొరుగింటి చేతికిందనే గనుక చట్టకర్తలు అలా చేయడానికి కారణం ఉంది. కాని దాని పర్యవసానం కులవృత్తికి అనుకూలించింది. అచ్చు వేసేవాని కొడుకు సెలవుదినాన బల్ల దగ్గర నిలబడవచ్చు. అదే వీధిలోని వ్యవసాయకూలీ కొడుకు, ఆసక్తి ఎంత ఉన్నా, నిలబడరాదు. కూచిపూడి పంపకపత్రం 18వ శతాబ్దిలో గీసిన గీతను, తనకు ఆ ఉద్దేశం లేకుండానే, 20వ శతాబ్దపు చట్టం మరో రూపంలో గీసింది. అచ్చు వేసేవారే తమ పిల్లలను ఇంజనీరింగు చదువులకు పంపాలని కోరుకొంటున్నప్పుడు, అనుమతి ఉన్న కొడుకు బల్ల దగ్గరికి రాడు, రాదలచిన పరాయి కుర్రవానికి అనుమతి లేదు.

పద్నాలుగేండ్లు నిండిన తరువాత అతడు రావచ్చు. అప్పటికి బడిలో అతడు తొమ్మిదో తరగతిలో ఉంటాడు. పక్కనే పాత కూచిపూడి లెక్కలో చూస్తే, ప్రహ్లాద వేషం పూర్తిచేసి, గొంతు మారి, ఇక మద్దెల పట్టాలో సత్యభామ జడ కట్టుకోవాలో పెద్దలు నిర్ణయించే వయసు అది.